విదేశీ ఆర్డరు సొమ్ము: బేరం కుదిరిన రోజునే తేల్చుకోవలసిన సంగతులు

సంపాదకుల వారికి,

నమస్కారం. నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లేవాళ్లు, బండారులంక నేతపనివాళ్లు, కోనసీమలో కొబ్బరి పీచుతో వస్తువులు చేసేవాళ్లు ఇప్పుడు ఫోనులోనే అమెరికా, బ్రిటన్, జర్మనీ కొనుగోలుదారులతో మాట్లాడి నేరుగా సరుకు పంపుతున్నారు. నరసాపురం లేసు అల్లికలకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషమే. అయితే వీళ్ల కోసం పెట్టే శిక్షణ తరగతుల్లో ఫొటో ఎలా తీయాలి, ధర ఎలా వేయాలి, పార్శిల్ ఎలా కట్టాలి అనే దాకా చెప్పి ఆపేస్తున్నారు. సరుకు చేరాక డబ్బు రాకపోతే ఏం చేయాలి, అసలు ఆ ఇబ్బంది రాకుండా ముందే ఏం రాసుకోవాలి అన్నది ఎవరూ చెప్పడం లేదు. లేసు ఎగుమతి కాగితాలు, బ్యాంకు పనులు రోజూ చూసేవాళ్లం కనుక ఆ సంగతులు మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

ముందుగా అడ్వాన్సు. సగం ముందు, సగం తర్వాత అని చాలామంది అలవాటుగా అడుగుతారు. ఆ సగం సరిపోతుందో లేదో లెక్క వేసుకోరు. ఉదాహరణకు 600 డాలర్ల టేబుల్ మ్యాట్ల ఆర్డరు తీసుకోండి. దారానికి 90, అల్లిక కూలికి 220, అతుకు పని, ఉతుకు, ఇస్త్రీ కలిపి 40 డాలర్లు అనుకుందాం. సరుకు పెట్టెలో సర్దే నాటికే 350 డాలర్లు మన చేతి నుంచి పోయాయి. పోస్టు ఖర్చు మరో 70. సగం కింద 300 పుచ్చుకున్నవాళ్లు పెట్టె కట్టేసరికే 50 డాలర్లు సొంత డబ్బు పెట్టినట్టు. పోస్టు చేశాక అవతలివాళ్లు మాట తప్పితే 120 పోయినట్టు, లాభం సంగతి సరేసరి. అందుకని సరుకు సిద్ధమయ్యే నాటికి ఎంత ఖర్చవుతుందో అంతకు తగ్గకుండా అడ్వాన్సు అడగాలి. ఈ ఆర్డరుకు అది 60 శాతం. మిగతా 40 శాతం సరుకు ఫొటోలు పంపి, పోస్టు చేయకముందే తీసుకోవాలి. డబ్బు ఖాతాలో పడ్డాకే పార్శిల్ కదలాలి.

కొత్త కొనుగోలుదారు చిన్న ఆర్డరు ఇస్తే వాయిదాల మాట వద్దు, మొత్తం ముందే అడగండి. ఎవరి పేరో, ఇంటి గుర్తో అల్లి ఇమ్మన్నా, వాళ్ల బల్ల కొలతకు ప్రత్యేకంగా చేయమన్నా అంతే. వాళ్లు వద్దంటే ఆ ముక్కను ఇంకొకరు కొనరు. అరువు అన్నది దుకాణం నడిపేవాళ్లకే, అదీ రెండు మూడు ఆర్డర్లకు వేళకు చెల్లించిన తర్వాతే. ఎంత ఇవ్వవచ్చు అంటే, ఆ మొత్తం పూర్తిగా మునిగిపోయినా వచ్చే నెల అల్లినవాళ్ల కూలి ఆగకూడదు. మీ హద్దు అదే. ఆర్డరు పెద్దదని, విదేశీ దుకాణమని మొహమాటపడి ఆ హద్దు దాటినవాళ్లే ఎక్కువగా ఇబ్బందుల్లో పడుతున్నారు.

తర్వాత ఇన్‌వాయిస్. ఇది మనం కొనుగోలుదారుకు పంపే బిల్లు. చెల్లింపు ఆలస్యమైన చాలా ఆర్డర్లలో తగువు మూలం ఈ కాగితంలోనే దొరుకుతుంది. "సరుకు అందిన 30 రోజులకు" అని రాయకండి. ఎప్పుడు అందిందన్నదే పెద్ద వాదన అవుతుంది. పోస్టు చేసిన రోజు నుంచి లెక్కగట్టి ఫలానా తేదీ అని రాయండి. ఆ తేదీలో నెలను అక్షరాల్లో రాయాలి. 05/06 అని రాస్తే మనకు అది జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. ఇదే 06/05 అని రాస్తే మనకు మే 6, వాళ్లకు జూన్ 5. అంటే వాళ్ల లెక్కల విభాగం నెల రోజులు నిశ్చింతగా కూర్చుంటుంది, మనం ఇక్కడ ఎగ్గొట్టారని కుమిలిపోతుంటాం.

దుకాణాలతో వ్యవహారమైతే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన లేసు చూసి మెచ్చుకునే మనిషి వేరు, డబ్బు పంపే మనిషి వేరు. ఆర్డరు తీసుకునేటప్పుడే లెక్కల విభాగం ఈమెయిల్ అడిగి పుచ్చుకోండి. వాళ్లు ఇచ్చే పర్చేజ్ ఆర్డరు నంబరు ఇన్‌వాయిస్ మీద లేకపోతే చాలా కంపెనీల్లో అది పక్కన పడిపోతుంది, మనకు ఎవరూ చెప్పరు. అమెరికా కంపెనీలు కొన్ని డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం పంపితే గాని కొత్త అమ్మకందారును తమ పుస్తకాల్లో ఎక్కించుకోవు. వ్యక్తి పేరున అమ్మేవాళ్లకు డబ్ల్యూ-8బెన్, సంస్థకు డబ్ల్యూ-8బెన్-ఈ. ఇది సరుకు అల్లుతున్న రోజుల్లోనే పంపేస్తే తర్వాత మూడు వారాలు కలిసొస్తాయి. వాళ్లు డబ్బు పంపేది వారానికోసారో, పదిహేను రోజులకోసారో అని కూడా కనుక్కోండి. గడువు ఆ రోజుకు ముందు పడేలా పెడితే ఒక విడత తప్పిపోదు. యూరప్‌లో ఆగస్టు నెల, అన్నిచోట్లా క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా ఆఫీసుల్లో మనిషి దొరకడు, ఆ రోజుల్లో గడువు పెట్టుకోవద్దు.

బ్యాంకు వివరాల్లో జరిగే పొరపాట్లకు లెక్కలేదు. ఆన్‌లైన్ దుకాణానికి ఒక ముద్దు పేరు ఉంటుంది, ఖాతా మాత్రం ఇంటావిడ పేరున ఉంటుంది. కొనుగోలుదారు దుకాణం పేరున పంపితే పేరు కలవక డబ్బు వెనక్కి పోతుంది. పాస్‌బుక్కులో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ విదేశీ బ్యాంకుకు పనికిరాదు, విదేశీ బదిలీల్లో బ్యాంకును గుర్తించే 8 లేదా 11 అక్షరాల స్విఫ్ట్ కోడ్ కావాలి. మన ఊళ్లలోని చాలా శాఖలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. అదే బ్యాంకు విదేశీ మారక శాఖ కోడ్ ఇచ్చి, ఖాతా నంబరు, మన శాఖ చిరునామా విడిగా రాయాలి. నెట్‌లో వెతికి దొరికిన కోడ్ ఇవ్వకండి, మేనేజరు గారి చేత కాగితం మీద రాయించుకోండి. యూరప్ కొనుగోలుదారులు ఐబాన్ అనే అంతర్జాతీయ ఖాతా నంబరు అడుగుతారు. మన దేశంలో ఐబాన్ లేదు. వాళ్ల ఫారంలో దేశం గడిలో ఇండియా అని ఎంచుకుని మన ఖాతా నంబరు వేయమని ముందే చెప్పండి. లేకపోతే "మీ ఖాతాకు పంపడం కుదరలేదు" అని రెండు వారాల తర్వాత జవాబు వస్తుంది.

డబ్బు దారిలో ఒకటి రెండు మధ్యవర్తి బ్యాంకులు దాటి వస్తుంది, తలా కొంత కోసుకుంటాయి. 240 డాలర్లు పంపానని వాళ్లంటారు, మనకు 215 వస్తుంది, మిగిలిన 25 కోసం ఉత్తరాలు మొదలవుతాయి. బ్యాంకు ఛార్జీలన్నీ పంపేవారివే అని ఇన్‌వాయిస్‌లో ఒక వాక్యం రాయండి. స్విఫ్ట్ ఫారంలో "అవర్" అని టిక్కు పెట్టమనండి. "షేర్" పెడితే ఖర్చు పంచుకున్నట్టు, "బెన్" పెడితే మొత్తం మన మీద పడినట్టు. చిన్న మొత్తాలకు స్విఫ్ట్ దండగ. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న పేమెంట్ సంస్థల ద్వారా కార్డు లింకు పంపితే పని తేలికవుతుంది.

"పంపేశాం" అని స్క్రీన్‌షాట్ పెడితే నమ్మి పార్శిల్ కట్టకండి. బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ బదిలీ పత్రం (పాత పేరు ఎంటీ103) అడగండి. అందులో యూఈటీఆర్ అని 36 అక్షరాల నంబరు ఉంటుంది. దాన్ని మన బ్యాంకుకు ఇస్తే డబ్బు ఎక్కడ ఆగిందో చూసి చెబుతారు. నిజంగా పంపినవాళ్లు ఈ కాగితం ఒకట్రెండు రోజుల్లో ఇస్తారు, పంపనివాళ్లు సాకులు చెబుతారు. అయితే అవతలివాళ్ల మీద కోపం తెచ్చుకునే ముందు మన శాఖకు ఒకసారి వెళ్లి రావాలి. డబ్బు వచ్చి కూడా, ఇన్‌వాయిస్ ఇవ్వలేదనో, ఆ డబ్బు ఎందుకు వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ చెప్పలేదనో అక్కడే ఆగి ఉండటం మామూలు. సరుకు పంపకముందు వచ్చిన అడ్వాన్సుకు పీ0103, పంపాక వసూలుకు వచ్చిన బిల్లు సొమ్ముకు పీ0102. ఈ రెండూ పాస్‌బుక్కు అట్ట మీద రాసి పెట్టుకోండి.

మోసం కూడా ఉంది, లేదనడం లేదు. అమ్మకందారు మెయిల్‌లోకి చొరబడి "మా ఖాతా మారింది, ఇకపై ఇక్కడికి పంపండి" అని కొనుగోలుదారుకు ఉత్తరం రాసే దొంగలున్నారు. డబ్బు వాళ్లకు పోతుంది, బాకీ మన ఇద్దరి మధ్య మిగులుతుంది. "మా ఖాతా వివరాలు ఈమెయిల్ ద్వారా మారవు, అలాంటి ఉత్తరం వస్తే ఫోను చేసి అడగండి" అని ప్రతి ఇన్‌వాయిస్ అడుగున రాయాలి. ఇంకొకటి, 300 డాలర్ల సరుకుకు 900 డాలర్ల చెక్కు పంపి, పొరపాటున ఎక్కువ వచ్చింది, తేడా వెనక్కి పంపండి అంటారు. చెక్కు కొన్ని వారాలకు చెల్లకుండా తిరిగొస్తుంది, మనం పంపిన 600 మాత్రం తిరిగి రాదు.

పెద్ద ఆన్‌లైన్ వేదికల మీద అమ్మితే డబ్బు కొనేటప్పుడే కట్టించుకుంటారు, ఆలస్యం పెద్దగా ఉండదు. ఇబ్బంది ఎక్కడంటే "కమీషన్ మిగులుతుంది, వాట్సాప్‌లో మాట్లాడుకుందాం" అని బయటికి పిలిచినప్పుడు. ఆ కమీషన్‌లోనే వసూలు భరోసా కూడా ఉంది. బయటికి వెళ్లదలచుకుంటే పూర్తి సొమ్ము ముందే తీసుకుని వెళ్లండి. పేపాల్‌లో డబ్బు పడింది కదా అని కూడా నిశ్చింత వద్దు. సరుకు అందలేదనో, చెప్పినట్టు లేదనో కొనుగోలుదారు 180 రోజుల దాకా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లింపులో ఉన్న చిరునామాకు కాకుండా "మా చెల్లెలింటికి పంపండి" అన్నచోటికి పంపితే అమ్మకందారుకు ఉండే రక్షణ పోతుంది. ప్రతి ముక్కనూ టేపు పక్కన పెట్టి కొలత కనబడేలా ఫొటో తీసి, ట్రాకింగ్ రసీదుతో కలిపి కనీసం ఆరు నెలలు దాచండి. చేతి అల్లిక కనుక కొలతలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుందని అమ్మకపు పేజీలోనే రాస్తే సగం ఫిర్యాదులు పుట్టవు.

కస్టమ్స్ సుంకం దగ్గర ఆగిపోయే సొమ్ము ఈ మధ్య బాగా పెరిగింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. యూరప్ దేశాల్లో 2021 జులై 1 నుంచి ఎంత చిన్న పార్శిలైనా వ్యాట్ పడుతుంది. ఇది తెలియని కొనుగోలుదారు సుంకం బిల్లు చూసి పార్శిల్ తీసుకోడు, బాకీ కట్టడు. సుంకం ఎవరు కట్టాలో కొటేషన్‌లోనే తేల్చండి. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ రోజు రేటు చూసుకుని, ఈ ధర 15 రోజుల వరకే అని రాయండి. హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కు తెలిపే అంకెలు) సరిగ్గా వేయాలి: మీటర్ల లెక్కన అమ్మే చేతి లేసుకు 5804 30, క్రోషే టేబుల్ క్లాత్‌లకు 6302 40, క్రోషే బెడ్‌స్ప్రెడ్‌లకు 6304 11. అన్నిటికీ ఒకటే కోడ్ వేస్తే అక్కడ పెట్టె విప్పి ఆపేస్తారు. కొనుగోలుదారు బతిమాలాడని "గిఫ్ట్" అనో, 400 డాలర్ల సరుకును 40 అనో రాసి పంపకండి. అది తప్పు, పైగా బ్యాంకులో పడిన 400కు, తపాలాలో ఇచ్చే ఎగుమతి పత్రమైన పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్‌లోని 40కి పొంతన కుదరదు. పార్శిల్ పోతే పరిహారం కూడా ఆ 40 లెక్కనే.

గడువు దాటాక ఏం చేయాలంటే, దాటకముందే మొదలుపెట్టాలి. గడువుకు మూడు రోజుల ముందు ఇన్‌వాయిస్ మళ్లీ జతచేసి "ఇది మీకు చేరిందా, ఇంకేమైనా కాగితం కావాలా" అని ఒక ఉత్తరం. గడువు మర్నాడు నంబరు, తేదీ, మొత్తం రాసి రెండు వాక్యాల ఉత్తరం. వారం దాటితే లెక్కల విభాగానికి, ఆర్డరు ఇచ్చిన మనిషికి కలిపి. పదిహేను రోజులకు ఫోను. న్యూయార్కు మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. కనుక మన సాయంత్రం ఏడింటికి పంపిన ఉత్తరం వాళ్లు ఆఫీసుకొచ్చేసరికి పైన కనబడుతుంది. మన ఉదయం పంపింది రాత్రంతా వచ్చిన వాటి అడుగున పడుతుంది. ఉత్తరంలో మన కష్టాలు, పండుగ ఖర్చులు రాయకండి, క్షమాపణలు అసలే వద్దు. మనం అడుగుతున్నది మన సొమ్ము. "ఏ తేదీన పంపుతారో రాయండి" అన్న ఒక్క ప్రశ్న చాలు. వాళ్లు తేదీ రాసి ఇచ్చారంటే బాకీ ఒప్పుకున్నట్టే, రేపు తగువైతే ఆ ఉత్తరమే సాక్ష్యం. నిజంగా డబ్బుకు ఇబ్బందిపడుతున్న దుకాణమైతే మూడు వాయిదాలుగా రాయించుకుని మొదటిది వెంటనే తీసుకోండి. పాత బాకీ ఉండగా కొత్త సరుకు మాత్రం గడప దాటకూడదు. "ఇది కూడా పంపితే రెండూ కలిపి కడతాం" అన్న మాటకు లొంగితే బాకీ రెట్టింపవుతుంది.

ఆలస్య రుసుం రాయడానికి మనవాళ్లు జంకుతారు. జంకవలసిన పని లేదు. బ్రిటన్‌లో వ్యాపారుల మధ్య బాకీలకు 1998 నాటి చట్టం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు మీద 8 శాతం వడ్డీ, వెయ్యి పౌండ్ల లోపు బాకీకి 40 పౌండ్ల పరిహారం ఇస్తుంది. యూరప్‌లోనూ అలాంటి నిబంధన ఉంది. అక్కడి దుకాణదారుకు అది కొత్త మాట కాదు. అయితే మన ఒప్పందానికి వాళ్ల చట్టం దానంతటదే వర్తిస్తుందనుకోకుండా, నెలకు ఒక శాతమో ఒకటిన్నర శాతమో మన ఇన్‌వాయిస్‌లోనే రాసి ఒప్పించుకోవాలి.

మన సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టంలో 45 రోజుల్లోపు చెల్లించాలన్న నిబంధన విదేశీ కొనుగోలుదారును కట్టిపడేయదు. ఈ విషయంలో చాలామంది పొరబడుతున్నారు. కానీ ఉద్యమ్ అనే ప్రభుత్వ చిన్న పరిశ్రమల నమోదు ఉన్న తయారీదారు ఇక్కడి ఎగుమతిదారుకు సరుకు ఇస్తే, ఆ ఎగుమతిదారు మాత్రం ఆ నిబంధనకు లోబడాల్సిందే. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, లేకపోతే 15 రోజులే. "ఫారిన్ పార్టీ కట్టలేదు, అందుకే మీకు ఇవ్వలేదు" అన్న జవాబు ఈ చట్టం ముందు చెల్లదు.

అరువు మీద పెద్ద ఆర్డర్లు పంపేవాళ్లు ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ పాలసీ తీసుకోవడం మంచిది. ప్రీమియం కడితే సరిపోదు. ఆ కొనుగోలుదారుకు ఎంత అరువు ఇవ్వవచ్చో ముందే పరిమితి మంజూరు చేయించుకోవాలి, గడువు దాటి 30 రోజులైన బాకీలను నెలనెలా తెలియజేయాలి. ఆ తెలియజేయడం మరిచిపోతే క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. ఎగుమతి సొమ్ము దేశంలోకి తెచ్చుకోవడానికి 9 నెలలుగా ఉన్న గడువును రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో 15 నెలలకు పెంచింది. అది మనం బ్యాంకుకు లెక్క చెప్పే గడువు. దాన్ని కొనుగోలుదారుకు ఇచ్చే గడువు అనుకోకూడదు. 10 లక్షల రూపాయల లోపు బిల్లులకు, ఛార్జీలు పోయి తక్కువ సొమ్ము వచ్చినా, అమ్మకందారు రాసిచ్చే ధ్రువీకరణతోనే బ్యాంకు లెక్కల్లో ఆ ఎగుమతి ఎంట్రీ ముగించవచ్చని 2025 అక్టోబరు 1న రిజర్వు బ్యాంకు చెప్పింది. అరవై డాలర్ల బాకీ మూడు ఉత్తరాలకూ కదలకపోతే దాని వెంట పడటం కంటే పేరు రాసి పెట్టుకుని, మళ్లీ ఆ మనిషికి అమ్మకుండా ఉండటమే లాభం. బ్యాంకు కాగితం మాత్రం వదిలేయకండి, ఎంట్రీ తెరిచి ఉంటే తర్వాతి ఎగుమతులకు అడ్డు తగులుతుంది.

ఇంత వివరంగా రాయడానికి కారణం అల్లినవాళ్ల కూలి. విదేశం నుంచి డబ్బు రాలేదని ఆ కూలి ఆపడం ఈ పనిలో పాత అలవాటు. ఆర్డరు ఒప్పుకున్నది అమ్మేవాళ్లు, అరువిచ్చింది అమ్మేవాళ్లు. నెలల తరబడి వంగి కూర్చుని అల్లిన మనిషి ఆ నష్టం మొయ్యకూడదు. ముక్క అప్పగించిన రోజునే కూలి చేతిలో పెట్టడానికి సరిపడా అడ్వాన్సు రాకపోతే ఆ ఆర్డరు ఒప్పుకోకపోవడమే న్యాయం.

అధికారులకు మీ పత్రిక ద్వారా మూడు విన్నపాలు. హస్తకళాకారుల ఆన్‌లైన్ శిక్షణలో ఒక పూట పూర్తిగా ఇన్‌వాయిస్, వసూలు మీద పెట్టి, అక్కడే ప్రతి ఒక్కరి చేత ఒక నమూనా ఇన్‌వాయిస్ రాయించాలి. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం బ్యాంకు శాఖల్లో వాడవలసిన స్విఫ్ట్ కోడ్, పర్పస్ కోడ్‌లు, రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు ఉత్తర్వు సారాంశం తెలుగులో గోడ మీద అంటించాలి. ఎగుమతి పార్శిళ్లు తీసుకునే తపాలా కార్యాలయాల్లో ఆయా దేశాల సుంకం వివరాలు చెప్పగల ఉద్యోగి ఒకరు పని వేళల్లో కౌంటరు దగ్గర ఉండాలి.

ఇట్లు,
లేసు ఎగుమతి కాగితాల పని చేసే పాఠకులు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా